కారు ప్రక్క అద్దం అతుకు ఎందుకు పడదు?

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో, యాత్రికులు కార్లు నిలిపే వీధుల వెంట, కాలిబాట అంచున తరచుగా ఒక దృశ్యం కనిపిస్తుంది. కలకండ పలుకుల వంటి గాజుముక్కలు గుప్పెళ్లకొద్దీ నేలమీద మెరుస్తూ ఉంటాయి. కారులో వదిలి వెళ్లిన సంచి కొరకు దొంగలు ప్రక్క అద్దాన్ని పగులగొట్టిన గుర్తులవి. ఒక్క 2017 సంవత్సరంలోనే ఆ నగరంలో కార్ల నుంచి జరిగిన దొంగతనాలు 30 వేలకు పైగా నమోదైనవి. ఆ చుట్టుప్రక్కల ఊళ్లలో తెలుగు కుటుంబాలు విస్తారంగా స్థిరపడి ఉన్నందున మనవారిలో కూడా అనేకులకు ఈ దృశ్యం క్రొత్త కాదు.

ఆ ముక్కలను పరిశీలించినవారికి రెండు సందేహాలు కలుగుతాయి. ఇంటి కిటికీ అద్దం పగిలితే కత్తుల వంటి పొడుగాటి పెంకులు వస్తాయి. కారు ప్రక్క అద్దం మాత్రం చిన్న పలుకులుగా ఎందుకు రాలుతుంది? కారు ముందు అద్దానికి రాయి తగిలి చిన్న దెబ్బ పడితే, అందులో ఒక రకం జిగురు నింపి బాగుచేస్తారు; ప్రక్క అద్దానికి అటువంటి చికిత్స ఎందుకు లేదు? ఈ రెండింటికీ సమాధానం ఒక్కటే. ఆ సమాధానం తెలిసి ఉండటం ఒక్కొక్కప్పుడు ప్రాణాలను కూడా కాపాడుతుంది.

గాజు బలహీనత ఎక్కడ ఉన్నది?

గాజును నొక్కితే అది ఎంతో బరువు మోయగలదు. లాగితే మాత్రం సులభంగా తెగిపోతుంది. ఒక గాజు పలకను విల్లు వలె వంచినామనుకొందాం. లోపలికి వంగిన ముఖం నొక్కుకొనిపోతుంది. దీనిని సంపీడనం అంటారు. వెలుపలి ముఖం సాగదీయబడుతుంది. దీనిని తన్యత అంటారు. పలక విరిగేటప్పుడు పగులు మొదలయ్యేది సాగిన ముఖం మీదనే.

దీనికి కారణాన్ని ఇంగ్లండులో ఏ.ఏ. గ్రిఫిత్ అనే ఇంజనీరు 1920–21 ప్రాంతంలో విశదపరచినాడు. గాజు ఎంత నున్నగా కనిపించినప్పటికీ, దాని ఉపరితలం మీద కంటికి అందని సన్నని గీట్లు ఉంటాయి. తుడిచిన గుడ్డలో ఒక ఇసుకరేణువు ఉంటే చాలు, అటువంటి గీటు పడుతుంది. గాజును లాగినప్పుడు బలం అంతటా సమానంగా పంపకం కాక, గీటు కొనవద్ద పోగవుతుంది. బట్టల కొట్టువాడు గుడ్డను చింపేటప్పుడు ముందుగా అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, తరువాత రెండు చేతులతో లాగుతాడు. గాటు లేకపోతే గట్టి గుడ్డ తేలికగా చిరగదు. గాటు ఉంటే ఆ దారినే చిరిగిపోతుంది. గాజు విషయంలోనూ జరిగేది ఇదే. ఈ గీట్లవల్లనే మామూలు గాజుకు, సిద్ధాంతరీత్యా ఉండవలసిన బలంలో నూరవ వంతు మాత్రమే మిగులుతుంది.

గీట్లు పడకుండా ఆపడం ఎవరికీ సాధ్యం కాదు. అయితే గీటు నోరు తెరుచుకొనకుండా ఎల్లప్పుడూ రెండు ప్రక్కల నుంచి నొక్కి ఉంచగలిగితే? అప్పుడు గీటు ఉన్నా లేనట్లే. కారు ప్రక్క అద్దం తయారీలోని రహస్యం ఇదే.

రూపర్టు గాజుబొట్లు

ఈ రహస్యం మొదట ఒక వినోదంగా లోకానికి తెలిసింది. 1660లో రూపర్టు అనే రాకుమారుడు ఇంగ్లండు రాజు రెండవ ఛార్లెస్‌కు కొన్ని గాజుబొట్లను చూపించాడు. కరిగిన గాజును చుక్కగా చల్లని నీటిలోకి జార్చి వాటిని తయారు చేస్తారు. బొట్టుకు చేప వలె లావు తల, సన్నని తోక ఉంటాయి. తలమీద సుత్తితో కొట్టినా పగలదు. తోక కొనను చేతితో చిదిపితే మాత్రం బొట్టు మొత్తం ఒక్క క్షణంలో పొడి అయిపోతుంది. మరుసటి సంవత్సరం లండనులోని రాయల్ సొసైటీ సభ్యులు ఈ బొట్లను పరీక్షకు తీసుకొన్నారు.

దీనికి పూర్తి వివరణ దొరకడానికి మూడు శతాబ్దాలకు పైగా పట్టింది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన శ్రీనివాసన్ చంద్రశేఖర్, కేంబ్రిడ్జికి చెందిన ఎం.ఎం. చౌధ్రి 1994లో ఈ బొట్లు పగిలే తీరును అత్యంత వేగంగా ఫోటోలు తీసే కెమేరాతో పరిశీలించారు. తోకలో మొదలైన పగులు సెకనుకు సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు, అంతకు మించిన వేగంతో తలవైపు పరుగెత్తుతున్నట్లు తేలింది. 2016లో వీరు ఎస్తోనియా శాస్త్రజ్ఞులతో కలిసి బొట్టు ఉపరితలం మీది సంపీడనాన్ని కొలిచారు. అది 700 మెగాపాస్కల్, అనగా వాతావరణ పీడనానికి సుమారు 7 వేల రెట్లు ఉన్నది.

ఈ సూత్రాన్ని పరిశ్రమకు ఉపయోగించినవారిలో ఫ్రాన్సు దేశీయుడు ద లా బాస్తీ ముఖ్యుడు. ఆయన బాగా వేడిచేసిన గాజును నూనెలో ముంచి గట్టిపరచే పద్ధతికి 1874లో పేటెంటు పొందాడు. నేడు నూనెకు బదులు చల్లని గాలిని వాడుతున్నారు.

అద్దంలో బంధించిన బలం

కారు ప్రక్క అద్దానికి కావలసిన ఆకారం, అంచుల నునుపు, మేకులు దూర్చే రంధ్రాలు, అన్నీ ముందుగానే పూర్తి చేస్తారు. తరువాత దానిని కొలిమిలో 620 నుంచి 650 సెంటీగ్రేడు డిగ్రీల వరకు వేడిచేస్తారు. ఆ వేడిలో గాజు కరగదు గాని, కొద్దిగా మెత్తబడుతుంది. అప్పుడు దానిని తగిన వంపుకు తెచ్చి, రెండు ముఖాల మీదా అనేక గొట్టాల నుంచి చల్లని గాలిని ఒక్కసారిగా ఊదుతారు.

గాలి తగిలిన ఉపరితలం ముందుగా చల్లబడి బిగుసుకొనిపోతుంది. లోపలి భాగం ఇంకా వేడిగానే ఉంటుంది. కొంతసేపటికి లోపలి భాగం కూడా చల్లబడుతూ కుదించుకొనబోతుంది. అయితే అప్పటికే బిగుసుకొన్న ఉపరితలం దానిని తన ఇష్టం వచ్చినంత కుదించుకోనివ్వదు. ఫలితంగా లోపలి భాగం సాగదీయబడిన స్థితిలోనూ, ఉపరితలం నొక్కబడిన స్థితిలోనూ శాశ్వతంగా నిలిచిపోతాయి.

బండి చక్రానికి ఇనుప పట్టా వేయడం చూచినవారికి ఈ విషయం సులభంగా బోధపడుతుంది. కమ్మరి పట్టాను ఎర్రగా కాల్చి కొయ్య చక్రానికి తొడిగి నీళ్లు పోస్తాడు. చల్లబడిన పట్టా కుదించుకొని కొయ్యను గట్టిగా బిగిస్తుంది. అక్కడ వెలుపలి పట్టా తన్యతలో, లోపలి కొయ్య సంపీడనంలో ఉంటాయి. అద్దంలో ఇది తలక్రిందులు: వెలుపలి పొరలు సంపీడనంలో, నడిమి భాగం తన్యతలో ఉంటాయి. ఒకటి రెండవదానిని పట్టి ఉంచడమనే సూత్రం మాత్రం రెండింటా ఒకటే.

ఈ బలం ఎంతటిదో ఒక స్థూలమైన లెక్క వేసి చూడవచ్చును. గాజు దైర్ఘ్య వ్యాకోచ గుణకం డిగ్రీకి 0.000009. పైభాగం బిగుసుకొనే సమయానికి లోపలి భాగం దానికంటే 100 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నదనుకొందాం. అప్పుడు లోపలి భాగం కుదించుకొనదలచి, కుదించుకొనలేకపోయిన వికృతి 0.0009. గాజు యంగ్ గుణకం సుమారు 70,000 మెగాపాస్కల్. ఈ రెండింటి లబ్ధం 63 మెగాపాస్కల్. లోపలికీ పైకీ నడుమ ఏర్పడే ప్రతిబలాల తేడా ఈ స్థాయిలో ఉంటుందన్నమాట.

పూర్తిగా గట్టిపరచిన గాజు పలకలో ఉపరితల సంపీడనం సుమారు 70 మెగాపాస్కల్, లేదా అంతకు మించి ఉంటుంది. అనగా ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు 700 కిలోల బరువు మోపినట్లు. నూరు కిలోల బియ్యం బస్తాలు ఏడింటిని ఒక్క చదరపు సెంటీమీటరు మీద నిలిపినట్లు. ఇటువంటి అద్దాన్ని వంచి విరవాలంటే ముందుగా ఈ సంపీడనాన్ని రద్దు చేయవలె. ఆ తరువాతనే లాగుడు మొదలవుతుంది. అందువల్ల ఇది అదే మందం గల మామూలు అద్దంకంటే నాలుగైదు రెట్లు బలంగా ఉంటుంది. దీనినే టెంపర్డ్ గాజు అనీ, టఫెన్డ్ గాజు అనీ పిలుస్తారు.

పగిలే క్షణం

ఈ అద్దంలో సంపీడనంలో ఉన్న పొర ఒక్కొక్క వైపు మొత్తం మందంలో సుమారు అయిదవ వంతు. 4 మిల్లీమీటర్ల అద్దంలో అది 0.8 మిల్లీమీటరు. గీటు ఈ పొరను దాటనంతవరకు అద్దానికి ప్రమాదం లేదు. మొద్దుగా ఉన్న వస్తువుతో కొడితే బలం విశాలమైన చోట పంపకమై అద్దం తట్టుకొంటుంది. గాజుకంటె కఠినమైన, సన్నని మొన గల వస్తువు తగిలితే మాత్రం కొద్దిపాటి బలం కూడా ఒక్క బిందువు మీద పనిచేసి, పొరను చీల్చి, తన్యతలో ఉన్న నడిమి భాగాన్ని చేరుతుంది.

అంతటితో కథ ముగిసినట్లే. ఇక పగులును ముందుకు నడపడానికి దొంగ చేతి బలం అక్కరలేదు. తయారైననాటినుంచి అద్దంలో నిలువ ఉన్న శక్తియే దానిని నడిపిస్తుంది. పగులు రెండుగా చీలుతుంది. ఒక్కొక్కటి మరి రెండుగా చీలుతుంది. సెకనుకు ఒకటిన్నర కిలోమీటర్ల వేగంతో, 75 సెంటీమీటర్ల వెడల్పు గల అద్దాన్ని పగులు దాటడానికి పట్టే కాలం సెకనులో రెండువేలవ వంతు. నిలువ ఉన్న శక్తి ఎక్కువైనకొద్దీ పగుళ్లు ఎక్కువై, ముక్కలు చిన్నవవుతాయి. ఈ అద్దాలను పరీక్షించే పద్ధతి కూడా దీనిమీదనే ఆధారపడి ఉన్నది. వాహనాల అద్దాలకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి 43వ నిబంధన ప్రకారం, పగిలిన అద్దంలో 5 సెంటీమీటర్ల భుజం గల ఏ చదరంలోనైనా ముక్కల సంఖ్య 40కి తగ్గకూడదు. ముక్కలు చిన్నవైతే అంచులు మొద్దుగా ఉండి, ప్రయాణికులకు లోతైన గాయాలు కావు.

అతుకు ఎందుకు పడదో ఇప్పుడు స్పష్టమవుతుంది. ముందు అద్దం రెండు గాజు పొరల నడుమ ప్లాస్టిక్ పొరను అతికించి చేసినది. రాయి తగిలితే సాధారణంగా పైపొరకు మాత్రమే దెబ్బ పడుతుంది. తక్కినవి నిలిచి ఉంటాయి. టెంపర్డ్ అద్దంలో ‘కొద్దిగా పగలడం’ అనే స్థితి లేదు. బలం అంతటా ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నది కనుక, ఒకచోట ముడి వీడితే అంతటా వీడుతుంది. ఇదే కారణంచేత పెద్ద అద్దాన్ని కోసి చిన్నదిగా చేయడం గాని, దానికి క్రొత్తగా రంధ్రం వేయడం గాని వీలుపడదు. ఆ కారు నమూనాకు, ఆ తలుపుకు తగినట్లు కొలిమిలో తయారై వచ్చిన అద్దాన్నే అమర్చవలె.

అద్దం మార్చే విధానం

క్రొత్త అద్దాన్ని బిగించడం పెద్ద పని కాదు. పాత అద్దాన్ని పూర్తిగా తీసివేయడమే అసలు పని. పగిలిన ముక్కలలో కొన్ని సీటు మీద, కొన్ని రోడ్డు మీద పడతాయి. చాలా భాగం తలుపు బోలులోకి జారిపోతుంది. అందుచేత ముందుగా చేయకూడని పని ఒకటున్నది: అద్దాన్ని పైకి క్రిందికి నడిపే మీటను నొక్కరాదు. నొక్కితే ముక్కలు యంత్రభాగాల నడుమ చిక్కుకొంటాయి.

చేతులకు దళసరి తొడుగులు, కళ్లకు అద్దాలు ధరించి, మెకానిక్కు తలుపు లోపలివైపు పలకను విప్పుతాడు. దాని వెనుక నీటి తడిని ఆపే ప్లాస్టిక్ రేకు ఉంటుంది. దానిని చినగకుండా ఊడదీయవలె. కొన్ని కార్లలో ప్రమాదం జరిగినప్పుడు తలుపు బోలులోని గాలిపీడనం ఒక్కసారి పెరగడాన్ని గుర్తించి గాలిసంచులను విప్పే సాధనాలు ఉంటాయి. రేకును తిరిగి సరిగా అతికించకపోతే వాటి పని చెడిపోవచ్చును.

తరువాత పీల్చే యంత్రంతో తలుపు అడుగుననున్న ముక్కలన్నింటినీ తీయవలె. తలుపు అడుగున వాననీరు జారిపోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. ముక్కలు వాటికి అడ్డుపడితే నీరు నిలిచి, కొంతకాలానికి తలుపు తుప్పు పడుతుంది. అద్దం జారే రబ్బరు బీడింగులలో దాగిన ముక్కలు అంతకంటె హానికరం. క్రొత్త అద్దం దిగినప్పుడల్లా, ఎక్కినప్పుడల్లా అవి దానిని గీరుతూ ఉంటాయి. అద్దాన్ని చంపగలిగిన గీట్లను మనమే తలుపులో వదిలినట్లవుతుంది.

క్రొత్త అద్దాన్ని రెగ్యులేటర్ అనే ఎత్తుడు సాధనానికి బిగించేటప్పుడు, లోహం గాజును నేరుగా తాకకుండా నడుమ రబ్బరు లేదా ప్లాస్టిక్ బిళ్లలు ఉంచుతారు. మరలను అతిగా బిగించరాదు. అంచులూ రంధ్రాల చుట్టూ ఉన్న ప్రదేశమూ ఈ అద్దంలో మెత్తని తావులు. అక్కడ ఒత్తిడి ఎక్కువైతే మంచి అద్దం కూడా ఏదో ఒకనాడు ఉత్తపుణ్యానికి పగిలినట్లు తోస్తుంది. చివరకు అద్దాన్ని కొన్నిసార్లు పైకి క్రిందికి నడిపి, బీడింగులలో సరిగా కూర్చున్నదని చూచుకొనవలె.

మన దేశంలో అద్దం మార్పించేవారు గమనించవలసిన నియమం కూడా ఒకటున్నది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 100వ నిబంధన ప్రకారం ముందు, వెనుక అద్దాలు కనీసం 70 శాతం, ప్రక్క అద్దాలు కనీసం 50 శాతం కాంతిని లోపలికి ప్రసరింపజేయవలె. చౌకగా దొరికినదని మరీ నల్లని అద్దం బిగించుకొనడం చట్టవిరుద్ధం.

ప్రాణరక్షణకు ఏ అద్దం?

కృష్ణా, గోదావరి డెల్టాలలో రోడ్లు అనేక చోట్ల కాలువగట్ల వెంటనే సాగుతాయి. కారు అదుపుతప్పి నీటిలో పడినప్పుడు బయట నీటి ఒత్తిడి వల్ల తలుపు తెరుచుకొనదు. అటువంటి సమయాన ప్రక్క అద్దమే ద్వారం. మొదటి అరనిమిషంలో, నీరు అద్దం అంచుకు చేరకముందే, సీటు బెల్టు విప్పి అద్దాన్ని దించి బయటపడటం ఉత్తమం. దిగకపోతే కఠినమైన మొన గల చిన్న సుత్తితో అద్దం మూలకు దగ్గరగా కొట్టవలె. నడిమి భాగంకంటె అక్కడ అది త్వరగా లొంగుతుంది. దొంగకు ఉపకరించే భౌతికశాస్త్ర సూత్రమే ఇక్కడ బాధితునికి ఉపకరిస్తుంది.

అయితే ఇప్పుడు అన్ని కార్లకూ ప్రక్క అద్దాలు టెంపర్డ్ గాజువి కావు. ప్రమాదంలో ప్రయాణికులు కిటికీలోనుంచి బయటికి విసిరివేయబడకుండా చూడాలని అమెరికా ప్రభుత్వం 2011లో ఒక నియమం చేసింది. అప్పటినుంచి ప్రక్కలకు కూడా ముందు అద్దం వంటి పొరల గాజును, అనగా లామినేటెడ్ గాజును, వాడటం హెచ్చింది. ఇది బయటి రొదను తగ్గిస్తుంది. దొంగకు ఆలస్యం కలిగిస్తుంది. కాని సుత్తి దెబ్బకు పగిలినా రాలిపడదు. నడిమి ప్లాస్టిక్ పొర ముక్కలను పట్టుకొనే ఉంటుంది. అమెరికా మోటారు వాహనదారుల సంఘం 2019లో ఆరు రకాల సుత్తులను, మొనలను పరీక్షించగా, టెంపర్డ్ అద్దాన్ని నాలుగు పగులగొట్టగలిగినవి. పొరల అద్దాన్ని ఒక్కటీ ఛేదించలేకపోయింది.

కనుక తన కారులో ఏ కిటికీకి ఏ రకం అద్దం ఉన్నదో ప్రతి వాహనదారుడు ముందే తెలుసుకొనవలె. చాలా కార్లలో అద్దం మూలన ముద్రించిన అక్షరాలలో ‘టెంపర్డ్’ లేదా ‘లామినేటెడ్’ అని ఉంటుంది. అది కనిపించకపోతే అద్దాన్ని సగం దించి పై అంచును పరిశీలించవచ్చును. పొరల అద్దమైతే రెండు గాజుల నడుమ సన్నని గీత వంటి అతుకు కనిపిస్తుంది. అద్దం మార్పించినప్పుడు కూడా పాతది ఏ రకమో క్రొత్తది అదే రకమని నిర్ధారించుకొనవలె.

తరగతిలో చూపదగిన ప్రయోగం

అద్దంలో దాగిన ప్రతిబలాన్ని కంటితో చూడడం సాధ్యమే. ప్రతిబలానికి లోనైన గాజు ధ్రువిత కాంతిలో రంగులు చూపుతుందని డేవిడ్ బ్రూస్టర్ 1815 ప్రాంతంలో కనుగొన్నాడు. కంప్యూటరు తెర నుంచి వచ్చేది ధ్రువిత కాంతియే. తెరను తెల్లగా వెలిగించి, దాని ముందు పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలును ఉంచి, పోలరాయిడ్ చలువ కళ్లద్దాన్ని త్రిప్పుతూ దానిగుండా చూస్తే, స్కేలులో రంగురంగుల చారలు కనిపిస్తాయి. అచ్చులో చల్లబడినప్పుడు అందులో నిలిచిపోయిన ప్రతిబలాలే అవి. అదే కళ్లద్దంతో ఎండలో నిలిచిన కారు వెనుక అద్దాన్ని చూస్తే వరుసగా మచ్చలు కనిపించవచ్చును. చల్లని గాలి ఊదిన గొట్టాల జాడలే ఆ మచ్చలు. రూపర్టు గాజుబొట్లను తయారు చేయడానికి మాత్రం విద్యార్థులు ఎంతమాత్రం ప్రయత్నించరాదు. వాటి పొడి కంటికి ప్రమాదకరం.

ఒక వస్తువు బలం దానిని ఏ పదార్థంతో చేసినారనేదానిమీదనే గాక, ఆ పదార్థంలో ఏ బలాలను ఏ అమరికలో నిలిపినారనేదానిమీద కూడా ఆధారపడుతుంది. మామూలు కిటికీ గాజు, కారు ప్రక్క గాజు రసాయనరీత్యా దాదాపు ఒక్కటే. చల్లార్చడంలో ఉన్న కొద్ది క్షణాల తేడా ఒకదానిని కత్తిగా, మరొకదానిని కలకండ పలుకులుగా మార్చింది. దెబ్బలను తట్టుకొనే శక్తినీ, ఒక్క పోటుకు రాలిపోయే గుణాన్నీ దానికి ఇచ్చినవి ఆ క్షణాలే.